కోడిపిల్ల వయసెంత?

రాయ్‌పూర్‌లో కోడిపిల్ల మూడు దారుల్లో ఇంటికి చేరుతుంది. దేశంలోని చాలా నగరాల్లాగే ఇక్కడి సంతల్లోనూ, వీధి మొదట్లోని తోపుడుబండి మీదా కనిపించే చిల్లుల అట్టపెట్టె మొదటి దారి. అందులో గులాబీ, ఆకుపచ్చ, నారింజ రంగులద్దిన ఒకటి రెండు రోజుల పిల్లలుంటాయి. పశుసంవర్థక శాఖ పథకం రెండో దారి. దాని కింద సబ్సిడీ మీద ఇచ్చే పిల్లల వయసు 28 రోజులు. మూడోది అన్నిటికన్నా పాతది. ఛత్తీస్‌గఢీలో ‘కుక్రీ’ అని పిలిచే నాటు పెట్ట, పెరట్లో ఏ మూలనో 21 రోజులు పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని బయటికొస్తుంది.

కొనేవారు అడిగే మొదటి ప్రశ్న ధర. మొదటి దారిలో అది ఐస్‌క్రీమ్ ఖర్చును మించదు. రెండోదానిలో దరఖాస్తు, జాబితా, ఎదురుచూపు ఉంటాయి. మూడోదానిలో డబ్బు ప్రస్తావనే రాదు. కానీ ఈ మూడింటి అసలు తేడా ధరలో లేదు. గుడ్డు పగిలిన రోజు నుంచి నాలుగు వారాల వరకూ పిల్లకు వెచ్చదనం, టీకా, కాపలా ఎవరు సమకూర్చారన్నదే తేడా. కోడి జీవితంలో చావు ఎక్కువగా కాచుకుని ఉండేది ఆ నాలుగు వారాల్లోనే. ఆ నష్టాన్ని హేచరీ భరించిందా, సర్కారు భరించిందా, తల్లికోడి భరించిందా, లేక తెలియక కొన్న ఇల్లాలి నెత్తిన పడిందా అన్నది పిల్ల వయసును బట్టి తేలిపోతుంది.

ఒకరోజు పిల్లల వ్యాపారమంతా ప్రకృతి ఇచ్చిన చిన్న వెసులుబాటు మీద నిలబడి ఉంది. గుడ్డులోంచి బయటికి రాబోయే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. దాంతో రెండు మూడు రోజులు మేత, నీరు లేకపోయినా బతకగలదు. ముందుగా పుట్టిన పిల్లలు ఆఖరి పిల్ల వచ్చేదాకా తల్లి కిందే ఆగగలగడానికి ఈ ఏర్పాటు ఉంది. మనిషి దాన్ని రవాణాకు వాడుకున్నాడు. అమెరికాలో 1918 నుంచి కోడిపిల్లల్ని తపాలాలో పంపుతున్నారు. అక్కడ అదింకా మామూలు విషయమే. ఆ వెసులుబాటుకు హద్దుందని 2025లో డెలావేర్ రాష్ట్రంలో తెలిసొచ్చింది. దాదాపు 12,000 పిల్లలున్న తపాలా ట్రక్కు మూడు రోజులు ఎవరూ పట్టించుకోకుండా నిలిచిపోయింది. తలుపు తీసేసరికి సుమారు 4,000 పిల్లలు చచ్చిపోయి ఉన్నాయి.

అక్కడ లెక్క తేలింది కాబట్టి వార్త అయింది. తోపుడుబండి పెట్టెలో చచ్చేవాటికి లెక్కే లేదు. అసలు ఆ పెట్టెలోకి వచ్చేవి ఏ పిల్లలు? గుడ్ల కోసం పెంచే లేయర్ జాతిలో పుంజు గుడ్డు పెట్టదు. బ్రాయిలర్‌లా మాంసమూ పట్టదు. కాబట్టి హేచరీలో పుట్టిన రోజునే ఆడ, మగ వేరుచేసి మగవాటిని వదిలించుకుంటారు. ప్రపంచవ్యాప్తంగా ఇలా ఏటా దాదాపు 700 కోట్ల మగపిల్లల్ని చంపేస్తున్నారని అంచనా. జర్మనీ 2022 జనవరి నుంచి దీన్ని నిషేధించింది. ఆ వెంటనే ఫ్రాన్స్ కూడా అదే బాట పట్టింది. ఆ దేశాల్లో ఇప్పుడు గుడ్డు దశలోనే ఆడో మగో తేల్చే యంత్రాలు వచ్చాయి. మన దగ్గర వదిలించుకునే పద్ధతుల్లో ఒకటి రంగుబండి. పనికిరాదనుకున్న పిల్లకు రంగు పూసి, పిల్లలున్న ఇంటి ముందు నిలబెడితే అదీ సరుకే.

కొన్న ఇంట్లో తర్వాత జరిగేది ఊహించడం కష్టం కాదు. చెప్పుల డబ్బా, అందులో పాత గుడ్డ, గిన్నెలో నీళ్లు, గుప్పెడు బియ్యం. మొదటి రాత్రి అరుపులు. రెండోరోజు ఒకటి మూలకు ముడుచుకుంటుంది. వెనక వైపు రెట్ట అంటుకుని గట్టిపడుతుంది. మూడో రోజో నాలుగో రోజో పెరట్లో చిన్న గుంట. అదృష్టవశాత్తూ బతికిన పిల్ల రంగు వెలిసి, ఈకలు మార్చి, నాలుగు నెలలకు కూత పెట్టే పుంజవుతుంది. ఇరుగుపొరుగు కొట్లాటకొస్తారు. ‘గుడ్లు పెడుతుంది’ అని నమ్మి కొన్నవారికి ఆ కూతే జవాబు. సంప్రదాయ కోణంలోనో, జంతుసంక్షేమ కోణంలోనో దీన్ని తప్పుపట్టేవారున్నారు. ఆ వాదనలు ఎలా ఉన్నా, ఇది మొదటగా వినియోగదారుడికి జరిగే మోసం. ఏ సరుకైనా ఏమిటో చెప్పి అమ్మాలన్న మామూలు నియమం ఈ పెట్టె దగ్గర పనిచేయడం లేదు.

అలాగని ఒకరోజు పిల్లను ఇంట్లో పెంచడం అసాధ్యమేమీ కాదు. పద్ధతి తెలిసుండాలి. మొదటి వారం పిల్ల వీపు దగ్గర వేడి సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కితే చలి. దూరంగా గోడకు అంటుకుని రెక్కలు చాపి రొప్పుతుంటే వేడి. గుండ్రంగా, సమంగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. కింద రెండు అంగుళాల మందాన వరి ఊక పరవాలి. వట్టి పేపరు మీద వదిలితే కాళ్లు జారి, పక్కలకు విడిపోయి అవిటివవుతాయి. మూలలు లేకుండా చుట్టూ అట్ట గుండ్రంగా నిలబెట్టాలి. మూల ఉంటే అక్కడికి తోసుకుని, కిందివి ఊపిరాడక చస్తాయి. రాగానే మొదట నీరు ఇవ్వాలి, కాస్త బెల్లం కలిపితే మేలు. మేత ఆ తర్వాత. నీళ్లగిన్నెలో గులకరాళ్లు వేస్తే పిల్లలు పడి మునిగిపోవు. బియ్యం, నూకలు మాత్రమే పెడితే కడుపు నిండుతుంది కానీ ఎముక గట్టిపడదు, ఈక రాదు. మాంసకృత్తులున్న స్టార్టర్ దాణా ఆ వయసులో తప్పదు.

ఇందులో ఇప్పుడు కొత్త చిక్కొకటి వచ్చింది. పాత పుస్తకాలన్నీ ‘100 వాట్ల బల్బు పెట్టండి’ అంటాయి. ఆ బల్బు ఏది? 2015లో మొదలైన ఉజాలా పథకం తర్వాత ఇళ్లలో ఎల్‌ఈడీ బల్బులే వెలుగుతున్నాయి. కరెంటు బిల్లుకు అవి మేలు చేశాయి. కానీ ఎల్‌ఈడీ వెలుగునిస్తుంది తప్ప కోడిపిల్లకు సరిపడా వేడినివ్వదు. డబ్బాలో బల్బు దేదీప్యమానంగా వెలుగుతున్నా కింద పిల్లలు చలికి చస్తాయి. రాయ్‌పూర్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి. మే నెల మధ్యాహ్నాలు 44 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు అదే రేకుల షెడ్డు పొయ్యి మీది పెనమవుతుంది. కాబట్టి పాత రకం బల్బో, హీటింగ్ ల్యాంపో, బొగ్గుల కుంపటో ముందుగా వెతుక్కున్నాకే పిల్లల్ని తేవాలి. కుంపటి అయితే గాలాడే ఏర్పాటుండాలి, లేకపోతే పొగే ప్రాణం తీస్తుంది.

వేడి సమస్యను తెలివైన ఇల్లాలు ఎలాగో దాటేస్తుంది. టీకా సమస్యను ఒంటరిగా దాటలేదు. పెరటికోళ్లను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. పశువైద్యులు రాణీఖేత్ అంటారు. దీనికి అయిదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా టీకా ఒక చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి. పద్నాలుగో రోజుకు గంబోరో టీకా. ఎనిమిదో వారంలో మళ్లీ రాణీఖేత్‌కు సూది. చెప్పడానికి తేలికే. కానీ టీకా సీసా పది పిల్లల కోసం తయారవదు. వంద, అంతకు పైగా డోసులుంటాయి. చల్లగా భద్రపరచాలి. ఒకసారి కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇంటికోసం దాన్ని ఎవరు విప్పుతారు? లక్ష కోళ్ల ఫారానికి ఒక్కో పిల్ల మీద పైసల్లో పడే ఖర్చు, పది పిల్లల పెరటికి దొరకని వస్తువైపోతుంది. ఇది నిర్లక్ష్యం వల్ల వచ్చిన లోటు కాదు, సీసా పరిమాణం వల్ల వచ్చింది. పేదవారి కోళ్లు ఎక్కువగా చస్తాయంటే కారణం వారికి పెంపకం రాకపోవడమేనన్న అభిప్రాయం ఆఫీసుల్లో ఇప్పటికీ ఉంది. దాన్ని సవరించుకోవడానికి ఆ సీసా మీది లేబుల్ చదివితే చాలు.

నాలుగు వారాల పిల్లను ఇవ్వాలన్న ఆలోచన ఇక్కడి నుంచే పుట్టింది. హేచరీ నుంచి ఒకరోజు పిల్లల్ని వందల్లో తెచ్చి, ఒకేచోట వేడి, దాణా, టీకాలు ఇచ్చి పెంచి, గండం గడిచాక ఇళ్లకు పంచే కేంద్రాన్ని ‘మదర్ యూనిట్’ అంటారు. పేరు బాగా కుదిరింది. తల్లికోడి చేసే పనిని అది చేస్తుంది. గురుగ్రామ్‌కు చెందిన కెగ్‌ఫామ్స్ 1990ల్లో వినోద్ కపూర్ నాయకత్వంలో ‘కురాయిలర్’ అనే రంగుకోడిని తెచ్చినప్పుడు ఈ పద్ధతినే వ్యాపారంగా మలిచింది. మదర్ యూనిట్లలో కొన్ని వారాలు పెరిగిన పిల్లల్ని సైకిలు వెనక బుట్టలో పెట్టుకుని చిరు వ్యాపారులు తూర్పు, మధ్య భారత పల్లెల్లో తిరిగి అమ్మారు. అదే కోడి 2010 తర్వాత ఉగాండా పల్లెలకూ వెళ్లింది. ఒకరకంగా రంగుబండికి ఇది సరైన జవాబు. అమ్మేది అదే వీధిలో, అదే సైకిలు మీద, కానీ వయసు వేరు.

ఈ విషయంలో తెలుగు నేల వాటా చిన్నది కాదు. హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన కేంద్రం (ఇప్పుడు కోళ్ల పరిశోధన డైరెక్టరేట్) పెరటి కోసమే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు దేశమంతా తిరుగుతున్నాయి. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే వనరాజా పెరట్లోనే వంద దాటుతుంది. గ్రామప్రియ నూట అరవై దాకా వెళ్తుంది. రంగురంగుల ఈకలు, గోధుమరంగు గుడ్డు కాబట్టి సంతలో నాటుకోడిలాగే చెల్లుతాయి. అయితే ఒక మెలిక ఉంది. ఇవి పొదగవు. గుడ్డు పెట్టి వెళ్లిపోతాయి. వాటి గుడ్లను ఎలాగో పొదిగించినా తర్వాతి తరంలో ఆ దిగుబడి నిలవదు. అంటే ప్రతి విడతా కొత్త పిల్లల కోసం మళ్లీ హేచరీ వైపు చూడాల్సిందే. నాటు పెట్ట తక్కువ గుడ్లు పెట్టినా తన వారసుల్ని తానే తయారుచేసుకుంటుంది. ఏది లాభమన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. పిల్లల సరఫరా నమ్మకంగా ఉండే ఊళ్లో వనరాజా, లేని ఊళ్లో నాటుకోడి. రెండూ ఉన్న ఇంట్లో వనరాజా గుడ్లు పది, పన్నెండు తెచ్చి నాటు పెట్ట కింద పెట్టడం అనుభవజ్ఞులు ఎప్పటినుంచో చేస్తున్న పని.

కేంద్రం 2009-10లో గ్రామీణ పెరటికోళ్ల పథకాన్ని మొదలుపెట్టినప్పుడు ఈ తర్కాన్నే తీసుకుంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న ఒక్కో కుటుంబానికి నాలుగు వారాలు పెరిగిన 45 పిల్లలు. ఛత్తీస్‌గఢ్ పథకంలోనూ అదే సంఖ్య, అదే వయసు. షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాలకు సబ్సిడీ ఎక్కువ. మూడోవంతు జనాభా ఆదివాసీలైన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి పల్లెల్లో మేక, ఎద్దు, ధాన్యం అమ్మితే వచ్చే డబ్బు ఇంటి యజమాని చేతికి వెళ్తుంది. కోడి అమ్మితే వచ్చేది చాలావరకూ ఆడవాళ్ల కొంగున ముడిపడుతుంది. పుస్తకాలు, మందులు, పండగ గాజులు ఆ ముడిలోంచే వస్తాయి. కోడి చనిపోతే ముందుగా పోయేది కూడా ఆ ముడే.

పథకంలో లోపం లేదని కాదు. ఇంటి చుట్టూ పురుగు, గింజ, ఆకు ఏరుకుని బతికే కోళ్లు పది, ఇరవైకి మించితే ఆ పెరటికి మేత చాలదు. 45 ఒక్కసారి దింపితే సగానికి దాణా కొనాల్సి వస్తుంది. కొనలేక కొందరు మొదటి నెలలోనే అమ్మేస్తారు. అధికారుల నివేదికలో అది ‘పంపిణీ పూర్తి’. విడతలుగా ఇస్తే పెరడు తట్టుకుంటుంది. కానీ విడతలంటే వాహనం మూడుసార్లు పల్లెకు రావాలి. మార్చి నెలాఖరుకు నిధులు ఖర్చుచేయాలన్న క్యాలెండరుకూ, ఏప్రిల్ ఎండలో పిల్ల బతకదన్న క్యాలెండరుకూ పొంతన కుదరడమూ కష్టమే.

భూపేశ్ బఘేల్ ప్రభుత్వం 2019లో ‘నర్వా, గరువా, ఘురువా, బాడీ’ నినాదం ఎత్తుకున్నప్పుడు పెరటికి రాజకీయ హోదా వచ్చింది. ఛత్తీస్‌గఢీలో ‘బాడీ’ అంటే ఇంటి వెనక తోట. గోఠాన్లలో మహిళా సంఘాలకు కోళ్ల షెడ్లు వేశారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక గోఠాన్ల వైభవం తగ్గింది. ఈలోగా కేంద్రం కూడా దిశ మార్చుకుంది. 2021-22లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్‌లో ప్రధానంగా కనిపించేది 45 పిల్లల ఇల్లాలు కాదు, వ్యవస్థాపకుడు. కనీసం వెయ్యి తల్లికోళ్లతో ఫారం, హేచరీ, మదర్ యూనిట్ పెట్టేవారికి పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా రూ.25 లక్షల దాకా సబ్సిడీ. వాదనలో బలముంది. సర్కారు హేచరీల సామర్థ్యం అందరికీ తెలిసిందే. ఊరికి దగ్గరలో ప్రైవేటు హేచరీ వస్తే నాలుగు వారాల పిల్ల ఏడాది పొడవునా దొరుకుతుంది. కానీ ఆ హేచరీ యజమానికి నాలుగు వారాల పిల్లకన్నా ఒకరోజు పిల్లను అమ్మడమే సుఖం. దాణా లేదు, చావు లేదు, జాగా లేదు. ఎంత వయసు పిల్లల్ని ఎవరికి అమ్మారన్నది సబ్సిడీ షరతుల్లో గట్టిగా అడగకపోతే గండం మళ్లీ ఇల్లాలి దగ్గరికే వస్తుంది.

ఈ సందేహానికి పెరటికోళ్ల మీద చిన్నచూపు తోడైతే మరీ కష్టం. లెక్కలు ఆ చిన్నచూపును సమర్థించవు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల్లో పెరటివి దాదాపు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే అవి సుమారు 46 శాతం పెరిగాయి. వాణిజ్య ఫారాల్లో పెరుగుదల 4.5 శాతమే. ఫారాల బలం తెలియని ప్రాంతమేమీ కాదు ఇది. రాయ్‌పూర్‌కు పడమరనున్న రాజ్‌నంద్‌గావ్‌లో బహదూర్ అలీ కుటుంబం 1980ల్లో కొద్దిపాటి కోళ్లతో మొదలుపెట్టిన వ్యాపారం ఐబీ గ్రూపుగా దేశంలోని పెద్ద పౌల్ట్రీ సంస్థల్లో ఒకటైంది. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిసి దేశపు గుడ్లలో దాదాపు మూడోవంతు పెడుతున్నాయి. ఆ గుడ్డు నగరానికి చాలు. అడవి అంచు పల్లెలో పిల్లవాడి కంచంలోకి అది రోజూ వస్తుందన్న హామీ లేదు.

కంచంలో గుడ్డు సంగతి ఛత్తీస్‌గఢ్‌లో సున్నితమైనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఈ రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేనివారే. 2019లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించగానే శాకాహార నియమం పాటించే కబీర్ పంథీలు వ్యతిరేకించారు. వారి ప్రధాన పీఠాల్లో ఒకటైన దామాఖేడా రాయ్‌పూర్‌కు దూరమేమీ కాదు. చివరికి తల్లిదండ్రుల అంగీకారం లేని బడుల్లో కావలసిన పిల్లల ఇళ్లకే గుడ్లు పంపాలన్న మధ్యేమార్గం చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి బడిపిల్లలకు వారానికి అయిదు గుడ్లు పెట్టడం పెద్దగా ఎవరూ అభ్యంతరపెట్టని వ్యవహారం. రెండు పొరుగు రాష్ట్రాల మధ్య ఇంత దూరం! బడి కంచం మీద ఇలా పంచాయితీ నడిచేచోట పెరటి గుడ్డుకున్న సౌకర్యం వేరు. తినేవారి ఇంట్లో అది ఉంటుంది, తినని ఇంట్లో ఉండదు. ఎవరికీ మెమొరాండం ఇవ్వనక్కర్లేదు.

కోడిపిల్ల కొనుగోలులో మరో మాయ జాతి పేరు. నల్ల మాంసపు కడక్‌నాథ్ కోడి కోసం మధ్యప్రదేశ్‌లోని జాబువా, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ పోటీపడ్డాయి. 2018లో భౌగోళిక గుర్తింపు జాబువాకే దక్కింది. మహేంద్ర సింగ్ ధోనీ రాంచీలోని తన ఫారం కోసం జాబువా నుంచి 2,000 కడక్‌నాథ్ పిల్లలకు ఆర్డరిచ్చారన్న వార్త తర్వాత నల్లకోడి మోజు ఇంకా పెరిగింది. మహారాష్ట్రలోని ఇస్లాంపూర్ కేంద్రంగా ‘పిల్లలు మేమిస్తాం, కోళ్లు మేమే కొంటాం’ అని వేలాది రైతుల దగ్గర డబ్బు కట్టించుకున్న వ్యవహారం 2019లో బట్టబయలైంది. 2012 నాటి ఈము కథ గుర్తున్న తెలుగు పాఠకులకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కోడి మంచిదే. తిరిగి కొంటామన్న మాటను నమ్మి వందల్లో పిల్లల్ని దించుకోవడమే చెడ్డది. నల్ల ఈకలున్న ప్రతి పిల్లా కడక్‌నాథ్ కాదు కూడా. నాలుక, కాళ్లు, చర్మం కూడా నల్లగా ఉండాలి. నాలుగు వారాల పిల్లలో వీటిని పోల్చుకోవడం ఒకరోజు పిల్లలో కన్నా తేలిక.

పేరుప్రతిష్ఠల హడావిడి లేకుండా ఈ నేలకు చెందిన జాతి ఇంకొకటుంది. అసీల్. దీని స్వస్థలంగా శాస్త్రవేత్తలు ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లను కలిపి చెబుతారు. బస్తర్ వారపు సంతలో కాలికి కత్తి కట్టి దింపే పుంజుకూ, గోదావరి జిల్లాల సంక్రాంతి బరిలోని పుంజుకూ వంశం ఒకటే. 1931లో పూర్తయిన రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం కన్నా పాతది ఈ చుట్టరికం. పందెం పుంజును పెంచేవాడు దానికి బాదం పెడతాడు, ఈత కొట్టిస్తాడు, టీకా తేదీ మరచిపోడు. అదే ఇంట్లో గుడ్లుపెట్టే పెట్టకు ఆ శ్రద్ధలో పదోవంతు దక్కదు.

ఇక బర్డ్ ఫ్లూ. ఇది వచ్చాక పెరటికోడి ఇంటి వ్యవహారంగా మిగలలేదు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలో మొదటిసారి బయటపడింది. 2021 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ జిల్లాను తాకింది. ధోనీ ఆర్డరు ఆలస్యమవడానికి కారణం అదే నెలలో జాబువాలో బయటపడ్డ బర్డ్ ఫ్లూనే. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని కానూరు, వేల్పూరు ఫారాల్లో లక్షల కోళ్లు పోయాయి. దాదాపు అదే సమయంలో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌లో బయటపడింది ఎక్కడ? పిల్లల్ని పొదిగించి పంచే ప్రభుత్వ ఫారంలో. ఆ తర్వాత కొరియా జిల్లాలోని బైకుంఠ్‌పూర్ ప్రభుత్వ ఫారంలో. వేల పిల్లల్ని, గుడ్లను పూడ్చిపెట్టారు. పథకానికి పిల్లల్నిచ్చే చేయే తెగితే జాబితాలోని ఇళ్లు ఎదురుచూడడం తప్ప చేసేదేమీ ఉండదు. ఒకేచోట వేల పిల్లల్ని పెంచి పల్లెలకు పంపే మదర్ యూనిట్ పద్ధతికున్న ప్రమాదం కూడా ఇదే. రక్షణ ఎక్కడ పోగుపడిందో గండమూ అక్కడే పోగుపడుతుంది. అలాంటి కేంద్రాలు కొన్నే పెద్దవిగా ఉండటం కన్నా చిన్నవి ఎక్కువగా, దూరదూరంగా ఉండటం మేలని రాయగఢ్ చెబుతోంది.

పల్నాడు జిల్లాలో 2025 మార్చిలో ఒక చిన్నారి ఈ వైరస్ సోకి మరణించడం తెలుగువారిని కలవరపెట్టింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకోవడమే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. ఉడికించిన మాంసం, గుడ్డుతో ప్రమాదం లేదు. కోసేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు, చచ్చిన కోడిని పట్టుకునేటప్పుడే జాగ్రత్త కావాలి. రంగుపిల్లను ముఖానికి ఆనించుకుని ముద్దాడే పిల్లలకు కనీసం చేతులు కడిగించాలి. బర్డ్ ఫ్లూ లేకపోయినా సాల్మొనెల్లా ఉండనే ఉంది. విచిత్రమేమిటంటే అదే 2025 మార్చిలో బర్డ్ ఫ్లూ దెబ్బకు అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటినప్పుడు, అక్కడి వ్యవసాయ మంత్రి బ్రూక్ రాలిన్స్ పెరట్లో కోళ్లు పెంచుకోవడం మంచి పరిష్కారమన్నట్టు మాట్లాడారు. పెరటికోడి ఒకచోట మందు, మరోచోట అనుమానితురాలు.

మన నిబంధనల్లో దాని స్థానం రెండోదే. వైరస్ తేలిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు పరిధిలో ఫారం కోళ్లతోపాటు పెరటికోళ్లనూ చంపేస్తారు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. వైరస్ వ్యాప్తిని ఆపాలంటే ఇది తప్పదు. దానికి పరిహారముంది. ఎంత ఇవ్వాలన్నది పిల్లా, పెద్దదా అన్న వయసును బట్టి నిర్ణయిస్తారు. కానీ ఆ పరిహారం అధికారులు చంపిన కోళ్లకే. వాళ్లు వచ్చేలోపు జబ్బుతో చచ్చినవాటికి లేదు. ఫారం యజమాని ఫోన్ చేస్తే పశువైద్యుడు ఆ రోజే వస్తాడు. లెక్క రాస్తారు. అడవి పల్లెలో ఇల్లాలికి ఆ ఫోను నంబరు తెలియదు, తెలిసినా నమూనా భోపాల్‌లోని ప్రయోగశాలకు వెళ్లి ఫలితం వచ్చేసరికి పెరట్లో లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు. అందుకే తెల్లారి లేచేసరికి గంప కింద రెండు కోళ్లు చచ్చిపడి ఉంటే, మిగిలినవాటిని కాళ్లు కట్టి బుట్టలో వేసుకుని ఆమె ఆ రోజు సంతకు బయల్దేరుతుంది.